తాటిచెట్టుకు ఇవతల బోర్లా, అవతల వెల్లకిలా

ఈ రోడ్డు గురించి నాకు నిశ్చయంగా తెలిసిన సంగతులు తక్కువ. వాటిని ముందు చెప్పి, విన్న సంగతులను వేరుగా పెడతాను. రెండూ కలిపి చెప్పేవారు మా ప్రాంతంలో ఇప్పటికే చాలినంత మంది ఉన్నారు.

నిశ్చయమైనవి ఇవి. అరవయ్యో దశకం చివరి సంవత్సరాల్లో, ఉద్దానం తీరాన మా అక్క కాపురం చేసే ఊరికీ, పలాస బస్సు ఆగే కూడలికీ మధ్య మైలున్నర ఇసుక ఉండేది. ఆ ఇసుక మీద ఒక వేసవిలో కొబ్బరి డొక్కలు పరిచి, పైన ఎర్రమట్టి కప్పి, దానికి రోడ్డు అని పేరు పెట్టారు. ఆ రోడ్డు మీద బస్సు నడిచింది. ఆ బస్సులో నేను కూర్చున్నాను. డొక్కలు పరచడం నా కళ్ళతో చూశాను, అయితే అన్ని రోజులూ చూడలేదు. చిక్కంతా ఆ చూడని రోజుల్లోనే ఉంది.

విన్నవి ఇవి. బర్మాలో రోడ్లన్నీ ఇలాగే వేస్తారని. మా రోడ్డు చూడటానికి ఢిల్లీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి, మట్టి గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి, తల ఊపి వెళ్ళిపోయాడని. ఈ ఆలోచన మొట్టమొదట వచ్చింది అక్క మామగారికేనని. మొదటి రెండింటికీ ఆధారం దొరకలేదు. మూడవది నిజం కాదని నాకు తెలుసు. కానీ ఆయన దాన్ని ఎన్నిసార్లు చెప్పారంటే, చివరి కాలానికి వచ్చేసరికి స్వయంగా నమ్మారనే అనుకుంటాను.

అప్పట్లో నేను పలాసలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారిని. ఏ మాట విన్నా "ఎవరు చూశారు?" అని అడగడం నా అలవాటు. ఆ అలవాటు పాఠశాలలో నాకు కొంత గౌరవం తెచ్చింది; పెళ్ళిపందిళ్ళలో తేలేదు.

మా నాన్న టెక్కలిలో గుమాస్తా. ఇంటికి పొలం లేదు కనుక పిల్లలకు చదువు చెప్పించారు. ఇందులో ఆదర్శం పాలు ఎంత, గత్యంతరం లేకపోవడం ఎంత అన్నది నేను తేల్చలేదు. అక్క టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. ఆ వెంటనే కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్న ఇంటికి కోడలిగా వెళ్ళింది. ఆ ఊరికి వెళ్ళాక ఒకసారి ఉద్యోగం వచ్చింది, పలాస దగ్గరి ఒక చిన్న బడిలో. ఇసుక కారణంగా దాన్ని వదులుకుంది.

ఇసుక కారణమంటే పట్నంవారికి అర్థం కాకపోవచ్చు. ఉద్దానం ఇసుకలో మైలు నడక గట్టినేల మీద రెండు మైళ్ళతో సమానమని ఊళ్ళో అనేవారు. నేను గడియారం పెట్టుకుని నడిచి చూశాను. మా ప్రాంతపు లెక్కలతో పోలిస్తే ఇందులో అతిశయోక్తి తక్కువే. అడుగు వేస్తే చీలమండ దాకా దిగుతుంది. మధ్యాహ్నమైతే కాలుతుంది. ఎడ్లబండి చక్రం ఇరుసు దాకా పోతుంది. అప్పుడు బండిలో ఉన్నవారు దిగి, బండిని తోసుకుంటూ, ఎద్దులను ఓదార్చుకుంటూ నడుస్తారు.

అక్క ఉద్యోగం చేయడం మీద మామగారికి అభ్యంతరం లేదు. ఆయన అభ్యంతరం నడక మీద. "నా కోడలు సెప్పులు సేత్తో పట్టుకుని ఇసకలో దిగబడుకుంటూ ఎల్తే, ఎదురొచ్చినోడు నన్నే అడుగుతాడు. ఏటి పెద్దయ్యా, ఇంట్లో గడవడం నేదేటి, అని."

రోడ్డు పడిన ఆ వేసవిలోనే అక్కకు రెండోసారి ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది, అదీ పలాస దగ్గరే. బడి తెరిచే రోజుకు చేరాలి. ఇది పోతే మూడోది రాదని ఆమె నాతో అంది. అది ఊహ మాత్రమేనని నేను అన్నాను. "ఊహే. కాని నిజమైతే పోయేది నాకు, నీకు కాదు" అంది.

ఆ సాయంత్రం అరుగు మీద మామగారి దగ్గర నలుగురూ కూర్చుని ఉండగా అక్క విషయం ఎత్తింది. ఆయన కాదనలేదు. కాదనడం కంటే మర్యాదైన పద్ధతి ఆయనకు తెలుసు.

"అందరూ ఇనండి, ఒక్కమాటే సెప్తాను. బస్సు నా అరుగు కాడికొచ్చి ఆగిననాడు, అదే బస్సెక్కి ఎల్లమనండి. నానడ్డు సెప్పను. ఆ బస్సు ఎన్నాల్లొత్తాదో అన్నాల్లూ ఉజ్జోగం."

అరుగు మీదివారు నవ్వారు. ఆ ఇసుకలో బస్సు అంటే నవ్వక ఏం చేస్తారు? ఆయన ఇచ్చింది అనుమతి ఆకారంలో ఉన్న నిరాకరణ. కానీ మా అక్క దాన్ని ఆకారంతో సహా తీసుకుంది. "సరే మావయ్యా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర బావతో, అంటే తన భర్తతో, ఇసుక మీద బస్సు నడవాలంటే ఏం కావాలని అడిగింది.

బావ గురించి ఒక మాట. ఆయన ఏ పని మొదలుపెట్టినా, అది ఎక్కడో ఇదివరకే సఫలమైందని నమ్మి మొదలుపెడతాడు. ఎక్కడ అని అడిగేవాణ్ణి నేను. ఆయన నన్ను బావా అనేవాడు, నేను ఆయన్ను బావా అనేవాణ్ణి. ఈ సమానత్వం పిలుపు దగ్గరే ఆగిపోయేది.

మొదట ఆయన చూపు జీడిపిక్కల తొక్కల మీద పడింది. పలాసలో జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే చోట్ల తొక్కలు గుట్టలుగా ఉంటాయి. ఎవరికీ అక్కర్లేని సరుకు అనుకుని బండి కట్టుకుని వెళ్ళాడు. అక్కడి యజమాని, "పారేసేదేటి బాబూ, అదే మా పొయ్యిలో కట్టె" అన్నాడట. ఒక వస్తువు వ్యర్థమా కాదా అన్నది దాన్ని చూసేవాడు ఏ వైపున నిలబడ్డాడన్న దాన్ని బట్టి ఉంటుందని నేను ఆ రోజు గ్రహించాను. బావ గ్రహించలేదు, బతిమాలి ఒక బస్తా తెచ్చాడు. నమూనాగా తన ఇంటి గుమ్మం ముందే పరిచాడు. కాల్చిన తొక్కలో కూడా జీడినూనె కొంత మిగిలి ఉంటుందనీ, అది చర్మాన్ని పొక్కిస్తుందనీ నేను ముందే చెప్పాను. నా మాట వినకపోవడం వల్ల మాకు ఒక నమ్మదగిన ఫలితం వచ్చింది. దాని మీద మొదట కాలు పెట్టింది మామగారు, చెప్పులు లేకుండా.

"కోడలికి రోడ్డెయ్యరా అంటే నా కాలికేసినావేట్రా" అన్నారు ఆయన, అరికాలికి వెన్న రాయించుకుంటూ.

అప్పుడు కొబ్బరి డొక్కల మీదికి వచ్చాం. కాయ ఒలిచాక మిగిలే పీచు తొడుగు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా దాని గుట్ట ఉంటుంది. పొయ్యిలోకి కొంత, తాళ్ళు పేనడానికి కొంత పోతుంది. అయినా గుట్ట తరగదు. మిగిలినదాన్ని ఏం చేస్తారో చెప్పకపోతే తరవాత జరిగినది అర్థం కాదు. కొబ్బరిచెట్టు చుట్టూ గొయ్యి తీసి, డొక్కలను వెల్లకిలా పేర్చి పూడుస్తారు. వెల్లకిలా అంటే గిన్నె పెట్టినట్టు, లోతు పైకి వచ్చేలా. వాన నీరు ఆ గిన్నెల్లో నిలిచి, పీచులోకి ఇంకి, ఎండాకాలం నడిమి దాకా వేరుకు తడి అందుతుంది. ఆ ఊరివారి చేతికి డొక్క దొరికితే అది వెల్లకిలా పడవలసిందే. మనం చెంబును నిలబెట్టి పెడతాం, బోర్లించం; ఆలోచించి చేసే పని కాదు. అలాగే ఇదీ.

నా అభ్యంతరం ఇక్కడే వచ్చింది. రోడ్డుకు పగవాడు నీరు. నేను చదివిన ప్రతి పుస్తకమూ అదే చెప్పింది. కనుక డొక్కలు బోర్లా వేయాలి, వీపు పైకి ఉండాలి, వాన జారిపోవాలి అన్నాను.

బావ ఒప్పుకోలేదు. "సంద్రం ఒడ్డున తడిసిన ఇసక మీద సైకిలు పరిగెడతాది. నాలుగడుగులు పైకొస్తే పొడిసకలో దిగడిపోద్ది. మరి నీరు పగోడెలాగయినాడు బావా?"

 తడి ఇసుక బరువు మోస్తుందన్నది నిజం. ఎంత తడి వరకు, ఎంత బరువు వరకు అన్నది వేరే ప్రశ్న. జవాబు లేనప్పుడు చేయవలసినది ప్రయోగం. దారి మధ్యలో, ఇసుకలో ఒంటరిగా ఒక తాటిచెట్టు ఉండేది. కూడలి నుంచి ఆ చెట్టు దాకా, అంటే బస్సులో వచ్చేవాడికి చెట్టుకు ఇవతల, డొక్కలు బోర్లా వేద్దాం. చెట్టుకు అవతల ఊరి దాకా వెల్లకిలా వేద్దాం. మందం ఒకటే, పైన వేసే ఎర్రమట్టి ఒకటే. వానలు వచ్చి వెళ్ళాక ఏ సగం దిగబడిందో చూస్తే ఎవరి మాట నిజమో తేలుతుంది. ఇంత శుభ్రమైన ప్రయోగాన్ని నేను పాఠశాల ప్రయోగశాలలో కూడా ఎప్పుడూ చేయలేదు.

అక్క ఒక్కటే అడిగింది. "రెండిట్లో ఒకటి దిగబడాలనా నీ ఆశ?"

"ఆశ కాదు, ఫలితం."

"బస్సు ఏ సగంలో దిగబడినా నాకు ఫలితం ఒకటే" అంది.

అయినా ఒప్పుకుంది. రోడ్డంటూ ఒకటి పడాలి కదా.

ఈ లోగా ఊరికి ధైర్యం చెప్పినవాడు రంగం వెళ్ళి వచ్చిన ఒక పెద్దాయన. రంగం అంటే రంగూన్. మా తీరంలో బతుకుతెరువుకి ఓడెక్కి వెళ్ళినవారు చాలామంది ఉన్నారు. అక్కడి సంగతులను కాదనడానికి ఇక్కడ సాక్షులు ఉండరు. అక్కడ డొక్కల రోడ్ల మీద లారీలు తిరిగేవని ఆయన చెప్పాడు. నేను కూర్చుని విచారించాను.

"మీరు చూశారా?"

"సూసినోడు నాకు సెప్పినాడు."

"ఆయన ఏ ఊరివారు?"

"ఈ ఊరోడే."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"రంగంలోనే ఉండిపోనాడు." నా ముఖం చూసి జాలిపడి, "నమ్మకపోతే నమ్మకపో మాస్టారూ. ఆ రోడ్డు నీకోసం ఇక్కడికి నడిసొత్తాదేటి?" అన్నాడు.

ఊరంతా నమ్మింది. నమ్మినందువల్లే బండ్లు కదిలాయి. నిజం చెప్పాలంటే, ఆయన మాటకు ఆధారం లేకపోవడం వల్ల రోడ్డుకు ఏ నష్టమూ జరగలేదు. నా సందేహానికి ఆధారం ఉండటం వల్ల ఒక్క బండీ కదలలేదు.

మామగారు మొదట డొక్కలు ఇవ్వనన్నారు. "అయి నా సెట్లయి. రోడ్డు తాగేస్తే సెట్లేటి తాగుతాయి?" నిన్నటి దాకా అడ్డంగా పడి ఉన్న గుట్ట, అడిగేసరికి ఆస్తి అయింది. ఆయన ఉద్దేశం నాకు తెలుసు: డొక్కలు లేకపోతే రోడ్డు లేదు, రోడ్డు లేకపోతే బస్సు లేదు, బస్సు లేకపోతే ఇచ్చిన మాట ఇచ్చినట్టే భద్రంగా ఉంటుంది. కానీ మిగిలిన ఇళ్ళవారు ఇవ్వడం మొదలుపెట్టారు. చేపలబుట్టలు తలకెత్తుకుని కూడలి దాకా నడిచే ఆడవాళ్ళకూ, పనసకాయలు బండిలో కుళ్ళబెట్టుకునే రైతులకూ ఆ బస్సు కావాలి. ఎవరెన్ని బండ్లు ఇచ్చారన్నది ఊళ్ళో మాటయింది. తనకంటే చిన్న రైతు ఒకడు అందరికంటే ఎక్కువ ఇచ్చాడని తెలిసిన మర్నాడు మామగారు తన పెరడంతా ఖాళీ చేయించారు. తన మాటను తానే ఓడించుకోవడానికి ఆయన దగ్గర తగినంత ప్రతిష్ఠ ఉండేది.

ఊరి మేస్త్రీ, అతని భార్య, వారి వెంట కూలీలు పని మొదలుపెట్టారు. మొదటి రోజున కూడలి దగ్గర నేను నిలబడి, ఒక డొక్కను బోర్లా వేసి చూపించాను. తలూపారు. వేశారు. ఆ మర్నాటి నుంచి పరీక్ష పేపర్లు దిద్దే పని మీద నేను పలాసలో చిక్కుకున్నాను. తిరిగి వచ్చేసరికి తాటిచెట్టు దాకా డొక్కలూ అయిపోయాయి, మట్టీ కప్పేశారు. చెట్టుకు అవతలి సగాన్ని మాత్రం దగ్గరుండి చూశాను. వెల్లకిలా వేయమని అక్కడ ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది.

బస్సు యజమాని పలాసవాడు, మాటకారి. రోడ్డు తొక్కి చూసి, ఒక పాత బస్సును పంపుతానన్నాడు. షరతు ఒక్కటే. ఒక్క రోజు చక్రం దిగబడి జనం దిగి నెట్టవలసి వచ్చినా, మర్నాటి నుంచి బస్సు కూడలి దాటదు. "బస్సు నాది, నడుములు మీవి. రెండూ పాడైపోతే ఏటి లాభం?" అన్నాడు.

బడి తెరిచే రోజు పొద్దున బస్సు వచ్చింది. హారను ఊళ్ళో వినపడటానికి ముందే జనం అరుగు ముందు చేరారు. మామగారు అరుగు దిగలేదు. అక్క గొడుగు, అన్నం గిన్నె పట్టుకుని బయటికి వచ్చి ఆయన ముందు ఆగింది. అడగడానికి కాదు, అడగనవసరం లేదని గుర్తు చేయడానికి ఆగిందని నా అభిప్రాయం.

"ఎల్లమ్మా, ఎల్లు. నా మాట నాను తిప్పను" అన్నారు ఆయన. బస్సు వైపు చాలాసేపు చూసి, డ్రైవరుతో, "ముందు సీటు కాళీయేనేటి?" అన్నారు. ఖాళీయే. చెప్పులు వేసుకుని వచ్చి ఎక్కారు. పలాసలో ఆయనకు ఆ రోజు ఏ పనీ లేదని నాకు కచ్చితంగా తెలుసు. ఎందుకంటే ఆయన్ను సాయంత్రం బస్సు దాకా మా ఇంట్లో కూర్చోబెట్టి మా బడికి వెళ్ళింది నేనే.

వానలు వచ్చాయి. ప్రతి ఆదివారమూ నేను వెళ్ళి తాటిచెట్టుకు ఇటూ అటూ చూసేవాణ్ణి. కార్తీకంలో తుపాను గాలీ వచ్చింది. కొబ్బరిచెట్లు పడ్డాయి, రోడ్డు పడలేదు. మట్టి కొట్టుకుపోయిన చోట మేస్త్రీ మళ్ళీ కప్పించాడు, రెండు వైపులా సమానంగానే. వానలు వెళ్ళాయి. ఏ సగమూ దిగబడలేదు.

ఊరు పండగ చేసుకుంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. రెండు వ్యతిరేకమైన పద్ధతులు ఒకే ఫలితం ఇచ్చాయంటే మూడు కారణాలు ఉండవచ్చు. బోర్లాకీ వెల్లకిలాకీ తేడా లేదు. లేదా తేడా ఉంది కానీ ఒక్క ఏటి వానలకు తేలదు. లేదా అసలు రెండు పద్ధతులు లేవు, ఉన్నది ఒక్కటే. మూడవదాన్ని విచారించడం తేలిక అనుకుని మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. అతను చుట్ట ఆర్పి లేచి నిలబడ్డాడు. అతని భార్య పంచలో తాడు పేనుతోంది.

"మీరు సెప్పినట్టే ఏసినాం బాబూ, బోర్లాయే. మీ మాట దాటుతామేటి?" అన్నాడు మేస్త్రీ.

"నువ్వు ఏసినావు. నువ్వేసినయి నాను ఎనకనే తిప్పుకుంటొచ్చినాను" అంది భార్య, తాడు మీద నుంచి తల ఎత్తకుండా.

"ఎప్పుడు తిప్పినావే?"

"నువ్వు సుట్ట కాల్సుకోడానికెల్లినప్పుడల్లా. బోర్లా పడుంటే సూడనేకపోనాను. నీల్లు తాగనియ్యకుండా నోరు మూసీసినట్టు."

"రోడ్డుకి నోరేటే?"

"నీకున్నాది కాదేటి, సాల్దా?"

"అన్నీ తిప్పావా?" అని అడిగాను.

"అన్నీ ఎక్కడ బాబూ. సేతికందినయి."

"ఎంత దూరం?"

"అలిసిపోయేదాకా."

అలిసిపోయేదాకా అన్నది కొలత కాదు. ఆమె ఎప్పుడు అలిసిపోయిందో ఆమెకే గుర్తు లేదు. మేస్త్రీ తన మాట మీద నిలబడ్డాడు. ఆమె తన మాట మీద కూర్చుని తాడు పేనుకుంది. ఇద్దరూ నాతో అబద్ధం చెప్పారని అనుకోను. మాస్టారు అడిగితే మాస్టారికి ఇష్టమైన జవాబు ఇవ్వడం ఒకరి మర్యాద, భర్త చెప్పినదాన్ని సరిదిద్దడం మరొకరి మర్యాద. వీటి నుంచి డొక్కల స్థితిని రాబట్టే సూత్రం నాకు తెలియదు.

ఇక మిగిలింది తవ్వి చూడటం. ఒక ఆదివారం గునపం పట్టుకుని అక్క ఇంటి నుంచి బయలుదేరాను. అక్క వాకిట్లో పిల్లల పలకలు తుడుస్తోంది.

"ఎక్కడికి, గునపంతో?"

"తాటిచెట్టు దాకా. ఇవతల సగంలో చిన్న గోతులు, అక్కడక్కడ. సాయంత్రానికి పూడ్చేస్తాను."

"పూడ్చినాక పక్క నేలంత గట్టిగా ఉంటుందని రాసిస్తావా?"

ఆలోచించాను. ఇసుకలో ఒకసారి తెగిన పీచు పొర మళ్ళీ అతుక్కోదు. "రాసివ్వలేను."

"రేపు పొద్దున బస్సు అందులో దిగితే?"

"దిగకపోవచ్చు."

"వచ్చు అన్న మాట సాక్ష్యం కాదని నువ్వే కదా అందరికీ సెప్తావు. ఆ వచ్చు పట్టుకుని నేను ఉజ్జోగానికెల్లలేను తమ్ముడూ."

 ఆమె పలక పక్కన పెట్టింది.

"ఒకసారి దిగితే యజమాని బస్సు మానేస్తాడు. బస్సు మానేస్తే మావయ్య మాట అయిపోయింది. ఆ మాట ఎలాగిచ్చారో నీకు తెలుసు. మళ్ళీ ఇస్తారేటి? అది బోర్లాయో ఎల్లకిలాయో తెలీకపోతే నీకు ఏం పోతుంది?"

"రేపు ఇంకో ఊరివాళ్ళు వచ్చి ఎలా వేయాలని అడిగితే ఏం చెప్పను?"

"తెలీదని సెప్పు. అంత బరువేటి నీకు ఆ మాట?"

బరువే. సైన్సు మాస్టారికి తెలియదు అనడం కష్టం కాదు. తెలుసుకునే దారి కాళ్ళ కింద ఉండగా తెలియదు అనడం కష్టం. అయినా ఆమె లెక్కలో తప్పు కనిపించలేదు. నాకు పోయేది ఒక జవాబు, ఆమెకు పోయేది ఉద్యోగం. గునపాన్ని గోడకు ఆనించాను.

అరుగు మీద నుంచి మామగారు అంతా విన్నారు. "మాస్టారూ, ఆ గునపం ఇలాగియ్యండి. కాయలొలవాల." అప్పటికి ముందు సీటు ఆయనదని బస్సులో అందరికీ అలవాటయింది. గునపం తీసుకుని లోపల పెట్టారు. మళ్ళీ అది నా చేతికి రాలేదు.

అక్క భయపడనిదీ, నేను భయపడ్డదీ తొందరగానే జరిగింది. బారువ వైపు నుంచి ఒక ఊరి పెద్దలు మా రోడ్డు చూడటానికి వచ్చారు. బావ వారికి చెట్టుకు ఇవతల బోర్లా, అవతల వెల్లకిలా అని గర్వంగా చెప్పాడు. వారు నన్ను వెతుక్కుంటూ పలాస వచ్చారు.

"మద్దిలో తాటిసెట్టుండాలంట గదండి. మా దారిలో సరుగుడు సెట్టున్నాది. పనికొత్తాదేటండి?"

చెట్టుతో పని లేదన్నాను. అది గుర్తు కోసం మాత్రమే.

"సెట్టు నేకపోతే ఎక్కడ తిప్పాలో ఎలాగ తెలుస్తాదండి?"

తిప్పనక్కర్లేదని చెప్పాను. ఏది మంచిదో తెలుసుకోవడానికి రెండు రకాలుగా వేశామనీ, అది తేలలేదనీ, ఇవతలి సగం నిజంగా బోర్లా ఉందో లేదో కూడా నాకు తెలియదనీ వివరంగా చెప్పాను. వారు శ్రద్ధగా విన్నారు. వీధిలోకి వెళ్ళాక ఒకాయన మరొకాయనతో అన్న మాట నా కిటికీలోంచి వినపడింది. "గట్టోడు. అసలు కిటుకు బయటెట్టడం నేదు."

వారు సరుగుడు చెట్టు దాకా బోర్లా, అక్కడి నుంచి వెల్లకిలా వేశారట. ఆ తరవాత మరో ఊరివారు వారిని చూసి వేశారట. వారి రోడ్లు నిలిచాయని కొందరు, మొదటి తుపానుకే పోయాయని కొందరు చెప్పారు. నేను వెళ్ళి చూడలేదు కనుక ఏదీ చెప్పను. ఒకటి మాత్రం కొంత నమ్మకంతో అంటాను. సందేహం తీర్చుకోవడానికి నేను పెట్టిన గీత, నా జీవితకాలంలోనే, మా తీరంలో ఒక ఆచారమైంది. ఆచారాలన్నీ ఇలాగే పుడతాయా అన్నదానికి నా దగ్గర ఉన్నది ఒక్క ఉదాహరణ, అది చాలదు.

కొన్నేళ్ళకు ప్రభుత్వం ఆ దారికి కంకర వేసింది. కంకర వేసే ముందు పైమట్టి గీకుతారని విని, రోడ్డు తెరిచిన రోజున కబురు చేయమని అక్కతో చెప్పి ఉంచాను. కబురు వచ్చింది. నేను చేరేసరికి తాటిచెట్టు దాకా కంకర పరచడం అయిపోయింది, రోలరు కూడా తిరుగుతోంది. మర్నాడు బడి ఉందని, బస్సు ఆగకూడదని, పనివాళ్ళను తొందరపెట్టింది అక్కేనట. ఈ ఒక్క 'అట'ను నేను విచారించలేదు.

తరవాత తారు పడింది. తాటిచెట్టు పోయింది. డొక్కలు ఈపాటికి కుళ్ళి మట్టిలో కలిసి ఉంటాయి. ఇప్పుడు తవ్వినా బోర్లాకీ వెల్లకిలాకీ ఆనవాలు దొరకదు. కనుక తాటిచెట్టుకు ఇవతల డొక్కలు ఎలా ఉండేవన్న ప్రశ్నకు జవాబు లేదు, ఇక రాదు. రాగలిగిన రోజుల్లో అది మూరెడు లోతులోనే ఉండేది. అయితే దాని మీదుగా రోజూ పొద్దున అక్క బస్సు వెళ్ళేది, సాయంత్రం తిరిగి వచ్చేది.